పేరు దొరకనప్పుడు పార్సర్ ఏం చేయాలి?

ప్రశ్న: మా బృందం చూసుకునే సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌ను 2017 ప్రమాణం నుంచి 2020 ప్రమాణానికి మారుస్తున్నాం. టెంప్లేట్ ఫంక్షన్ల (< > మధ్య టైపులో విలువలో ఇచ్చి పిలవగల ఫంక్షన్ల) విషయంలో నియమం మారిందని తెలిసి, పేర్లు వెతికే భాగాన్నంతా తిరగరాశాం. కొత్త ప్రోగ్రాములు కంపైల్ అవుతున్నాయి గానీ, చిన్న పొరపాట్లకు కూడా అర్థం కాని ఎర్రర్లు వస్తున్నాయి. ఎక్కడ తప్పాం?

జవాబు: వెతికే భాగాన్ని తిరగరాయవలసిన అవసరం ఈ నియమానికి లేదు. 2020లో మారింది వెతుకులాట కాదు, దాని ఫలితాన్ని చూసి పార్సర్, అంటే కోడ్‌ను చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే భాగం, తీసుకునే నిర్ణయం.

గెట్<0>(టి) అనే కాల్‌ను చూడండి. టి అనేది ఎస్‌టీడీ నేమ్‌స్పేస్‌కు (ప్రామాణిక లైబ్రరీ పేర్లుండే విభాగానికి) చెందిన టూపుల్ (కొన్ని విలువల గుంపు). గెట్ అనే పేరు మాత్రం ఆ కాల్ ఉన్న స్కోప్‌లో, అంటే అక్కడ నేరుగా కనిపించే పేర్లలో, ఎక్కడా లేదు. ఆర్గ్యుమెంట్ టైపును బట్టి దాని నేమ్‌స్పేస్‌లో కూడా ఫంక్షన్‌ను వెతికే ఏర్పాటు 1998 ప్రమాణంలోనే ఉన్నప్పటికీ, ఇక్కడ అది అక్కరకు వచ్చేది కాదు. గెట్ టెంప్లేట్ అని తెలియని పార్సర్ ఆ < గుర్తును 'కంటే తక్కువ' అని చదివేది. అలా చదివాక అది ఫంక్షన్ కాల్ కానే కాదు కనుక, ఆర్గ్యుమెంట్లను చూసి వెతికే ప్రసక్తే ఉండదు. 2020 ప్రమాణం ప్రకారం, ముందు ఏ క్వాలిఫైయరూ (ఎస్‌టీడీ:: వంటిది) లేని పేరు కోసం మామూలుగా వెతికినప్పుడు ఏమీ దొరకకపోయినా, ఫంక్షన్లు దొరికినా, వెంటనే వచ్చే < గుర్తును టెంప్లేట్ ఆర్గ్యుమెంట్ల మొదలుగానే తీసుకోవాలి. వేరియబుల్ దొరికితే పాత అర్థమే.

మీ ఎర్రర్లకు కారణం 'ఏమీ దొరకకపోయినా' అన్న మాటలో ఉందని నా అనుమానం. ఫర్ లూప్‌లో ఐని డిక్లేర్ చేయడం మరచి ఐ < ఎన్ అని రాస్తే, పార్సర్ దాన్ని టెంప్లేట్‌గా భావించి > కోసం వెతుకుతూ పోయి, సెమికోలన్ దగ్గర ఆగి, అసలు తప్పుతో సంబంధం లేని ఫిర్యాదు చేస్తుంది. అందువల్ల పేరు దొరకనప్పుడు ముందుగా తాత్కాలికంగా చదివి చూడండి, > గుర్తు, దాని వెంటనే ( గుర్తు కనబడకపోతే వెనక్కి వచ్చి, ఐ డిక్లేర్ కాలేదని సూటిగా చెప్పండి. ఎలా చదివినా ఆ ప్రోగ్రాము తప్పే కనుక, ఈ వెనకడుగు వల్ల సరైన ప్రోగ్రాము ఏదీ చెడదు.

ఫంక్షన్ దొరికిన సందర్భంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఎఫ్ అనే ఫంక్షన్‌ను, < ఆపరేటర్‌ను ఓవర్‌లోడ్ చేసుకున్న ఒక క్లాసు ఆబ్జెక్ట్ ఏతో పోలుస్తూ ఎఫ్ < ఏ అని రాయడం 2017లో చెల్లేది, 2020లో చెల్లదు. (ఎఫ్) < ఏ అని బ్రాకెట్లలో పెడితే ఇప్పటికీ చెల్లుతుంది. ఇక్కడ నిశ్శబ్దంగా పాత అర్థానికి మళ్లకుండా, ఎర్రర్ ఇచ్చి, బ్రాకెట్లు పెట్టమని ఆ సందేశంలోనే చెప్పడం న్యాయం. ఇటువంటి కోడ్ అరుదే, కానీ ఎదురైనవారు గంటల తరబడి తల పట్టుకుంటారు.

ఈ నిర్ణయమంతా ఎంచుకున్న ప్రమాణాన్ని బట్టే జరగాలి. 2017 ఆప్షన్‌తో కంపైల్ చేసేటప్పుడు గెట్<0>(టి) వంటిది కనబడితే, ఇది 2020 నుంచే చెల్లుతుందని, అంతవరకు యూజింగ్ డిక్లరేషన్‌తో ఎస్‌టీడీలోని గెట్‌ను స్కోప్‌లోకి తెచ్చుకోవచ్చని తెలియజేయండి. వెతికే భాగాన్ని కదిలించక తప్పని సందర్భం ముందుంది: 2023 ప్రమాణం పేర్ల వెతుకులాట నియమాల పాఠాన్నే చాలావరకు తిరగరాసింది. తిరగరాసిన మీ కోడ్‌ను అప్పటిదాకా పక్కన ఉంచండి.