మీ ప్రశ్నలు: లిథోగ్రాఫులో అసలు ఏది, నకలు ఏది?

ప్ర: అమెరికాలోని ఒరెగాన్‌లో, విల్లమెట్ యూనివర్సిటీ వారి హాలీ ఫోర్డ్ మ్యూజియంలో అక్కడి ఆదివాసీ కళాకారుల లిథోగ్రాఫులు చూశాను. కింద పెన్సిల్‌తో 7/20 అని ఉంది. ఇరవై ఉంటే అసలుది ఏది?

జ: ఇరవయ్యీ అసలువే. పెయింటింగుకి ఫొటో తీసి అచ్చేసినవి కావవి. వాలావాలా తెగకు చెందిన చిత్రకారుడు జేమ్స్ లావడూర్ చొరవతో 1992లో ఒరెగాన్‌లోని ఉమటిల్లా రిజర్వేషన్‌లో (ఆదివాసీలకు కేటాయించిన ప్రాంతం), ఒకప్పటి మిషన్ బడి భవనంలో క్రోస్ షాడో అచ్చుశాల మొదలైంది. అక్కడి ప్రింట్లను భద్రపరుస్తున్నది ఈ మ్యూజియమే.

లిథోగ్రాఫుకి కళాకారులు జిడ్డు క్రేయానుతో రాతి మీదో, అల్యూమినియం ప్లేటు మీదో నేరుగా గీస్తారు. ప్లేటు తడిపి ఇంకు రోలరు నడిపితే జిడ్డు గీత ఇంకును పట్టుకుంటుంది, తడిసిన ఖాళీ వదిలేస్తుంది. నీళ్లు తగ్గితే ఖాళీలోనూ ఇంకు మరకలు కడుతుంది. ఎక్కువైతే గీత పాలిపోతుంది. సాధారణంగా రంగుకో ప్లేటు. ఐదు రంగుల బొమ్మ 20 ప్రతులు కావాలంటే ప్రెస్సు కనీసం 100 సార్లు తిరగాలి, పాడయ్యేవి అదనం. గాలిలో తేమకి కాగితం ఒక్క మిల్లీమీటరు సాగినా రెండో రంగు పక్కకి జరిగిపోతుంది. ఇంత శ్రమను నకలు అనడం అన్యాయం.

7 అనేది ప్రతి సంఖ్య మాత్రమే, నాణ్యతకు కొలత కాదు. ఏ/పి అని ఉంటే కళాకారుల సొంత ప్రతి. ఎడిషన్, అంటే ఆ బొమ్మ ప్రతులన్నీ, పూర్తయ్యాక రాయిని అరగదీసి బొమ్మ చెరిపేస్తారు.

ప్ర: ఆదివాసీ ఫొటోగ్రాఫరు విల్ విల్సన్ తీసే టిన్‌టైప్ ఫొటోల్లో ముఖాలు ఎందుకంత నల్లగా ఉంటాయి?

జ: టిన్‌టైప్ అంటే పలుచని లోహపు రేకు మీద తీసే ఫొటో. ఆ రేకు మీది కాంతిని పట్టే పూత, తడి కొలోడియన్‌కి, నీలం, అతినీలలోహిత కాంతే కనిపిస్తుంది, ఎరుపు కనిపించదు. అందుకే చర్మం, పెదవులు ముదురుగా, నీలాకాశం తెల్లగా వస్తాయి. పూత ఆరకముందే, పది నిమిషాల్లోపు, ఫొటో తీసి డెవలప్ చేయాలి. ఆరితే బొమ్మ రాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆదివాసీల ఫొటోలు తీసిన అమెరికన్ ఎడ్వర్డ్ కర్టిస్, పీగన్ తెగవారి గుడారం ఫొటో ఒకదానిలోంచి గడియారాన్ని చెరిపేశాడు. ఆదివాసీలు పాతకాలంలోనే ఉన్నట్టు చూపాలని. నవాహో తెగకు చెందిన విల్సన్ 2012లో మొదలుపెట్టిన పద్ధతిలో, ఎలా కనబడాలో కూర్చున్నవారే నిర్ణయిస్తారు. అసలు ప్లేటు వాళ్లకే ఇచ్చేసి, అనుమతితో స్కాన్ మాత్రం ఆయన ఉంచుకుంటాడు.

ప్ర: ప్రింటుకి ఫ్రేమ్ కట్టించేటప్పుడు అంచులు కత్తిరించవచ్చా?

జ: వద్దు. సంతకం, సంఖ్య, అచ్చుశాల ఉబ్బెత్తు ముద్ర చాలాసార్లు అక్కడే ఉంటాయి. టేపు బదులు గోధుమ గంజితో అతికించిన జపనీస్ కాగితపు పట్టీలు వాడండి. ప్రింటుకి గాజు తగలకూడదు. వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి.