గేటు లేని స్టేషన్లోనే జేబుకు చిల్లు

ప్రశ్న: లండన్ వచ్చి మూడు వారాలైంది. ఈస్ట్ హామ్‌లో గది తీసుకున్నాను. కాలేజీకి రోజూ ఒకే దారిలో వెళ్ళివస్తున్నా, ఒకరోజు పోయినంత డబ్బు ఇంకోరోజు పోవడం లేదు. తప్పెక్కడ జరుగుతోంది అన్నయ్యా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు. 2011 చివర్లో నేనూ అదే ఈస్ట్ హామ్‌లో, ఐదుగురం పడుకునే ఒక గదిలో దిగాను. అప్పటికి హైదరాబాదులో మెట్రో లేదు. నాకు తెలిసిన నగర రైలు ఎంఎంటీఎస్ ఒక్కటే. అదీ, ఇక్కడ రైళ్ళలో, బస్సుల్లో ముందే డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ కార్డూ 2003లోనే మొదలయ్యాయి గానీ పోలిక అక్కడితో సరి. మన దగ్గర ఎక్కేముందు టికెట్టు కొని జేబులో వేసుకుంటే పని అయిపోయినట్టే. ఆ అలవాటే నన్ను ముంచింది.

సాయంత్రం పని డాక్‌ల్యాండ్స్ వైపు దొరికింది. ఈస్ట్ హామ్ గేటు దగ్గర కార్డు ఆనించి లోపలికి వెళ్ళేవాణ్ణి. వెస్ట్ హామ్‌లో డీఎల్ఆర్ (డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే) రైలుకు మారేవాణ్ణి. దిగే స్టేషన్లో గేట్లు లేవు, మెట్లు దిగితే నేరుగా రోడ్డే. ఓ స్తంభానికి పసుపు గుండ్రం ఉన్న యంత్రం కనిపించేది. అది ఎక్కేవాళ్ళ కోసమేమో అనుకుని, అడ్డుకునేవాడు లేడు కదా అని దర్జాగా నడిచిపోయేవాణ్ణి. తిరుగు ప్రయాణం బస్సులో. రెండు వారాల్లో యాభై పౌండ్ల దాకా అదనంగా పోయాయి. అప్పటి లెక్కలో నాలుగు వేల రూపాయలు! ఆ నెలంతా పెరుగన్నం, ఆవకాయ. అమ్మ ఫోను చేస్తే మాత్రం రోజూ రెండు కూరలని చెప్పేవాణ్ణి.

జరిగిందేమిటంటే, లోపలికి వెళ్ళేటప్పుడు నువ్వెక్కడ దిగుతావో యంత్రానికి తెలియదు. బయట ఆనించినప్పుడే రెండు చివరలూ కలిపి, జోన్ల (నగరం నడిమి నుంచి బయటికి వలయాల్లా గీసిన భాగాలు) ప్రకారం ఛార్జీ లెక్క కడుతుంది. రెండో చివర దొరకకపోతే గరిష్ఠ ఛార్జీ వేసేస్తుంది. గేటు తెరిచి ఉన్నా, అసలు గేటే లేకున్నా ఆనించాల్సిందే. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. దిగేటప్పుడు కూడా ఆనిద్దామని నేను వెనక్కి డ్రైవరు దాకా నడిచిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నీ విషయంలో నాకున్న అనుమానం ఇంకొకటి. ఒకసారి ఫోను, ఒకసారి కార్డు వాడుతున్నావా? రెండూ ఒకే బ్యాంకు ఖాతావే అయినా యంత్రం దృష్టిలో వేర్వేరు. ఒకే ప్రయాణంలో ఒకదానితో లోపలికి వెళ్ళి ఇంకోదానితో బయటికొస్తే రెండూ సగం ప్రయాణాలే, రెండింటికీ గరిష్ఠ ఛార్జీయే. 2014 సెప్టెంబరులో ట్యూబులో (ఇక్కడి భూగర్భ రైలు) బ్యాంకు కార్డులు తీసుకోవడం మొదలుపెట్టాక, అప్పటికి అన్నీ తెలిసినవాణ్ణని పర్సు మొత్తం యంత్రం మీద పెట్టి నేను ఈ బురదలోనే కాలేశాను. రోజుకూ వారానికీ ఇంతకు మించి కోయరన్న పరిమితి కూడా ఒకే కార్డు వాడితేనే లెక్కకొస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న బ్యాంకు కార్డు మీద విదేశీ రుసుము కూడా పడవచ్చు, దాన్ని పెట్టెలో దాచెయ్యి.

ఇక సమయం. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా రద్దీ ఛార్జీ. లెక్కకొచ్చేది నువ్వు లోపలికి ఆనించిన క్షణం. తరగతి పదిన్నరకైతే రెండు నిమిషాలు గేటు బయట నిలబడు, సిగ్గేమీ లేదు. తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి గోడకానుకుని ఫోను చూసుకుంటున్న పెద్దమనుషులందరూ ఎందుకు నిలబడ్డారనుకున్నావు?

గులాబీ రంగు యంత్రం చూసి కంగారు పడకు. మొదటి జోన్‌లోకి, అంటే నగరం నడిమికి, వెళ్ళకుండా పక్కనుంచి వచ్చానని చెప్పుకోవడానికి అది. ఈస్ట్ హామ్ నుంచి క్లాపమ్ జంక్షన్‌కు వైట్‌చాపెల్‌లో ఓవర్‌గ్రౌండ్ రైలుకు మారి వెళితే, మారేటప్పుడు దానికి కార్డు ఆనించు, తక్కువ ఛార్జీ పడుతుంది. నాకు ఈ సంగతి తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఎంత పోయిందో లెక్క వేసుకోలేదు, వేసుకుంటే నిద్ర పట్టదు.

నీ వయసు పాతిక లోపే అయితే 16–25 రైల్‌కార్డు అనే రాయితీ కార్డు తీసుకుని, స్టేషన్ సిబ్బందితో దాన్ని ఆయిస్టర్‌కు కలిపించుకో. రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది. బ్యాంకు కార్డుకూ ఫోనుకూ ఈ రాయితీ ఎక్కదు. కుర్రాళ్ళందరూ ఫోను చూపించి గేటు దాటడం గొప్పనుకుంటారు, ఆ గొప్పకు కట్టే వెల ఇది.

జోన్ల వారీ రేట్లు ఇక్కడి రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైటులో ఉన్నాయి, అవి నేను చెప్పక్కరలేదు. అక్కడే ఖాతా తెరిచి కార్డు కలుపుకుంటే ఏ రోజు ఎక్కడ ఆనించావో వరుసగా కనిపిస్తుంది. సగంలో ఆగిన ప్రయాణం ఉంటే దిగిన స్టేషను పేరు చెప్పి డబ్బు వెనక్కి అడగవచ్చు. గడువు ఉంటుంది, కాబట్టి ఆదివారం బట్టలు ఉతుక్కునేటప్పుడు ఆ వారం జాబితా ఒకసారి చూడు. నేను ఇల్లు కొనుక్కున్నాక కూడా చూస్తూనే ఉన్నాను. పోయిన నెల మా ఆవిడ కార్డులో ఒకటి దొరికింది.