నెపోలియన్: టోటల్ వార్ అనే వీడియో గేమ్‌లో మాస్కో మీదికి వెళ్తే సైన్యం ఎందుకు కరిగిపోతుంది?

రష్యన్ల కంటే మంచే ఎక్కువమందిని చంపుతుంది, అందుకు. చలికాలంలో మంచు ప్రాంతంలో ఆరుబయట నిలిచిన దళాల్లో ప్రతి టర్న్‌కీ (ఆటలో మన వంతు వచ్చిన ప్రతిసారీ) కొందరు తగ్గిపోతారు. ఊరు పట్టుకుని లోపల మకాం వేస్తే ఆ నష్టం ఉండదు. సొంత భూభాగంలో ఖాళీలు వాటంతటవే నిండుతాయి గానీ శత్రువు నేలమీద నిండవు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: మాస్కో ఒక్కటే గురిగా పెట్టుకుని దూసుకుపోతారు.

ఒక టర్న్ అంటే రెండు వారాలు. మే నుంచి అక్టోబరు దాకా చేతిలో ఉండేవి 12 టర్న్‌లే. వసంతంలోనే బయల్దేరండి, దారిలో పట్టణాలు పట్టుకుంటూ వెళ్లండి, అక్టోబరుకల్లా ఏదో ఒక ఊళ్లో దూరండి. మాస్కో మరుసటి ఏడాదికైనా పారిపోదు.

అసలు నెపోలియన్ 1812 జూన్ 24న రష్యా సరిహద్దులోని నేమన్ నది దాటడం మొదలుపెట్టాడు, సెప్టెంబరు 14న మాస్కో చేరాడు. సంధి కబురు వస్తుందని అక్టోబరు 19 దాకా అక్కడే కూర్చున్నాడు. నిజానికి చలి మొదలవకముందే ఎండ, ఆకలి, రోగాలు అతని సేనను సగానికి సగం తినేశాయి. ఆటలో ఆ వేసవి బాధ లేదు కాబట్టి మీ పని కొంత సులువే.