కడ్డీల పనిలోకి వస్తానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

కాలేజీ మానేసి ఐరన్ వర్కర్ల యూనియన్‌లో అప్రెంటిస్‌గా చేరతానన్నావట, మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. నేను నచ్చజెబుతాలే. ఇరవై ఏళ్లుగా షికాగోలో ఆ పని మీదే ఇల్లు నడుపుకుంటున్నవాణ్ణి, నిన్ను వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? కాకపోతే నీ చూపంతా ఎత్తున బీము మీద నడిచేవాళ్ల మీదే ఉంది. అక్కడికి చేరేలోపు నేల మీద నేర్చుకోవాల్సింది బోలెడు.

18 నిండి, హైస్కూలు పాసై ఉండాలి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, మత్తుమందుల పరీక్ష పెడతారు. భిన్నాలు బాగా చూసుకో. టేపు మీద అంగుళంలో పదహారో వంతు ఠక్కున చెప్పలేనివాణ్ణి ఎవడూ పక్కన పెట్టుకోడు. లోకల్‌ని (యూనియన్ స్థానిక శాఖని) బట్టి శిక్షణకి 3 ఏళ్లో 4 ఏళ్లో పడుతుంది. సైట్లో పనికి జీతమిస్తారు, ఆ పైన క్లాసులు. జీతం జర్నీమ్యాన్ (శిక్షణ పూర్తయిన పనివాడు) కూలీలో సగమో, కాస్త ఎక్కువో ఇచ్చి, మెట్టుమెట్టుగా పెంచుతారు. చదువు అప్పు ఉండదు. మీ అమ్మకి ముందు ఈ ముక్క చెప్పు.

మొదట్లో నిన్ను కడ్డీలు కట్టడానికి వేయొచ్చు. నడుముకి బైండింగ్ వైరు చుట్ట, చేతిలో ప్లయర్, పొద్దస్తమానం వంగుడే. వైరుని కడ్డీల కింద నుంచి తిప్పి, మెలేసి, తుంచాలి. ఎక్కువ మెలేస్తే వైరు తెగుతుంది, తక్కువైతే కాంక్రీటు పోసేటప్పుడు కడ్డీ జరుగుతుంది. ఎంత బిగించాలో మణికట్టుకే తెలియాలి. మన ఊళ్లో స్లాబుకి కొక్కెంతో రాడ్లు కట్టేవాళ్ల ముందు నువ్వూ నేనూ ఇంకా పిల్లలమే.

స్ట్రక్చరల్ పనికి, అంటే బీములు నిలబెట్టి కలిపే పనికి, మారాక ఒక కొస సన్నగా ఉండే స్పడ్ రెంచి చేతికొస్తుంది. దాని సన్నపు కొస దూర్చి, కలపాల్సిన రెండు ముక్కల చిల్లుల్నీ వరసకి తెచ్చి, పక్క చిల్లులో బోల్టు వేస్తాం. చిల్లులో వేలు మాత్రం పెట్టకు. బీము కాస్త జరిగిందంటే వేలు దక్కదు. ప్రతి అతుకు దగ్గరా కనీసం రెండు బోల్టులు పడ్డాకే క్రేన్ కొక్కెం వదలాలని చట్టం. ఫోర్‌మన్ ఎంత తొందరపెట్టినా అంతే. బీములు కలిపే పనివాళ్లు, అంటే కనెక్టర్లు, రెండంతస్తులు లేదా 30 అడుగులు, ఏది తక్కువైతే అంతదాకా, పడిపోకుండా కాపాడే తాడు తగిలించుకోకపోయినా చట్టానికి చెల్లుతుంది. నువ్వు మాత్రం తగిలించుకో.

తేడా కనిపిస్తే నోరు తెరువు. 1907లో కెనడాలో క్యుబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది పోయారు. ఇనుము వంగుతోందని ముందే కనిపించినా పని ఆపలేదు. పోయినవాళ్లలో చాలామంది కానవాగే అనే ఒక్క ఊరి మొహాక్‌లు, అక్కడి ఆదివాసులు.

క్లాసుల్లోనే వెల్డింగ్ సర్టిఫికెట్ తెచ్చుకో, పనులు తగ్గినప్పుడు అక్కరకొస్తుంది. ఒక సైటు అయిపోతే యూనియన్ హాల్లో పేరు రాయించుకుని పిలుపు కోసం కూర్చోవాలి. చలికాలంలో ఇక్కడ అది నెలలు కూడా పట్టొచ్చు. అందుకని తోటివాళ్లని చూసి కిస్తీల మీద కొత్త ట్రక్కు కొనేయకు. జర్నీమ్యాన్ అయ్యేదాకా ఆ పాత కారు చాలు.

ఆశీస్సులతో,
మీ మామయ్య