కోడు పక్కన పెట్టి కామెంట్లు రాస్తూ కూర్చుంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ముగ్గురు కలిసి మిర్చి అమ్మకాల లెక్కలు కట్టే చిన్న లైబ్రరీని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రాజెక్టుగా చేస్తున్నారు. మిగతా ఇద్దరూ కోడు రాస్తుంటే, మా అమ్మాయి ప్రతి మాడ్యూల్ పైన, ఆ కోడు ఏం చేస్తుందో చెప్పే కామెంట్లు ఇంగ్లీషులో రాస్తూ కూర్చుంటోంది. ఇదే పని బయటి ఓపెన్ సోర్స్ (కోడును అందరికీ తెరిచి ఉంచే) లైబ్రరీల్లో కూడా చేస్తానంటోంది. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. నేనెలాగూ గుమస్తానయ్యాను, ఇంత ఫీజు కట్టి చదివిస్తే అది కూడా గుమస్తా పనే నేర్చుకుంటోందా అని టెన్షన్‌గా ఉంది.

(ఉత్తరం కింద అమ్మాయి రాసింది: సర్, పదో తరగతి వరకు నాది తెలుగు మీడియం. నేను రాసిన కామెంట్ ఒకటి పంపుతున్నాను. బాగాలేదని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎలా రాస్తే బాగుంటుంది? చాట్‌జీపీటీతో రాయించేస్తే పోలా?)

జవాబు: గుమస్తా పని అని మీరంత తేలిగ్గా అనేశారు గానీ, గుమస్తా రాసిన చిట్టా తప్పితే ఎంత పెద్ద షాపు యజమానైనా రైతు ముందు మాట పడాల్సిందే. ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మాడ్యూల్ పైన రాసే కామెంట్ కూడా అలాంటి పనే.

అయితే మీ భయంలో సగం నిజం ఉంది. మన కాలేజీలకు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు ముందుగా ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలతోనే పిల్లల్ని వడపోస్తాయి. మీ అమ్మాయి ఎంత చక్కటి కామెంట్ రాసిందో ఆ దశలో ఎవరూ చూడరు. అలాగని ఆ పని మాన్పించొద్దు. కోడింగ్ ప్రాక్టీసు మానేసి మరీ ఆ పని చేస్తుంటే మాత్రం ఊరుకోవద్దు.

లైబ్రరీ అంటే ఏమిటో మీకు ఒక్క ముక్కలో చెప్తాను. ఒకరు రాసిపెట్టిన కోడును పదిమంది తెచ్చుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోవడం. దాన్ని పనినిబట్టి విడగొట్టుకున్న ఒక్కో ఫైలూ ఒక మాడ్యూల్, అందులో ఒక్కో చిన్న పని చేసే ముక్క ఒక ఫంక్షన్. తెచ్చుకునేవాళ్లు లోపలి కోడు చదవరు, అంత తీరిక ఎవరికీ ఉండదు. పైన రాసింది చదువుతారు, నమ్ముతారు, వాడతారు. అక్కడ రాసింది తప్పయితే వాళ్ల లెక్కలూ తప్పుతాయి.

అమ్మా, ఇక నీ సంగతికి వద్దాం. నువ్వు పంపిన కామెంట్ తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "ఇది లెక్కల మాడ్యూల్. ఇందులో తూకం, ధర, కమీషన్‌కు సంబంధించిన ఫంక్షన్లు ఉన్నాయి." నీ ఇంగ్లీషులో తప్పేం లేదు. ఫ్రెండ్స్ బాగాలేదంటే అది ఇంగ్లీషు గురించే అనుకుని బాధపడుతున్నట్టున్నావు. లోటు వేరే చోట ఉంది. ఫైలు పేరు, ఫంక్షన్ల పేర్లు చూస్తే ఎవరికైనా తెలిసేదే నువ్వు మళ్లీ రాశావు. వాటిని చూసినా తెలియని సంగతి ఒక్కటీ అందులో లేదు.

ఒక ఉదాహరణ చూడు. పది టిక్కీలు (మిర్చి బస్తాలు), మొత్తం 430 కిలోలు, క్వింటా ధర 18,000 రూపాయలు అనుకుందాం. రావాల్సింది 77,400. నీ మాడ్యూల్ తూకాన్ని కిలోల్లో అడుగుతోందా, క్వింటాళ్లలోనా? కామెంట్‌లో లేదు. క్వింటాళ్లు అడిగే చోట తెలియక 430 అని ఇచ్చారనుకో, జవాబు 77,40,000 వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు, నూరు రెట్ల తప్పు అంకె నింపాదిగా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మీ నాన్నగారైతే చూడగానే పట్టుకుంటారు. మిర్చి ధర తెలియని బెంగళూరు కుర్రాడు పట్టుకోలేడు. నీ లైబ్రరీని రేపు వాడేది అలాంటివాడే కావచ్చు.

అదే మాడ్యూల్‌కి నేనైతే ఇలా రాస్తాను. నువ్వు ఇంగ్లీషులోనే రాయాలి, నేను సారాంశం చెప్తున్నాను:

"మిర్చి అమ్మకంలో కోతలు పోను రైతుకు రావాల్సిన మొత్తాన్ని లెక్కకట్టే మాడ్యూల్.

తూకం కిలోల్లో, ధర క్వింటాకు ఇన్ని రూపాయలని ఇవ్వాలి. కమీషన్, హమాలీ రేట్లు ఇందులో లేవు, వాడేవాళ్లే ఇవ్వాలి. తూకం సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ అయితే వాల్యూ ఎర్రర్ (ఇచ్చిన విలువ తప్పన్న ఎర్రర్) వస్తుంది. యార్డు ధరలను ఈ మాడ్యూల్ ఇంటర్నెట్ నుంచి తీసుకురాదు, దానికి ధరల మాడ్యూల్ చూడండి. కొత్తగా వాడేవాళ్లు నికర మొత్తం ఫంక్షన్‌తో మొదలుపెడితే చాలు. ఫలితం దగ్గరి రూపాయికి సవరించి వస్తుంది."

దాని కింద ఒక ఉదాహరణ: 430, 18,000, కోతలు సున్నా, జవాబు 77,400.

ఇందులో పెద్ద ఇంగ్లీషు ఎక్కడుంది చెప్పు? అన్నీ చిన్న వాక్యాలే. ఏం చేస్తుంది, ఏ కొలతలో ఇవ్వాలి, ఏం చేయదు, ఎక్కడ మొదలుపెట్టాలి, అంతే. వీటిలో "ఏం చేయదు" అన్నదాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది అదే. ఆ ఒక్క వాక్యం లేక, లేని సదుపాయం కోసం గంటలకొద్దీ వెతికేవాళ్లు ఉంటారు.

"దగ్గరి రూపాయికి సవరించి" అన్న చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం, అసలు సంగతి అక్కడుంది. పైథాన్ 3లో అంకెను సవరించే రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 3 రాదు, 2 వస్తుంది. 3.5 ఇస్తే 4 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. అది పైథాన్ తప్పు కాదు, కావాలనే అలా పెట్టారు. కానీ మీ నాన్నగారి షాపులో అర్ధ రూపాయిని ఎటు సవరిస్తారో ఆయన్ని అడిగావా? కోడు రాసిన నీ ఫ్రెండు రౌండ్ అని రాసి ముందుకెళ్లిపోయి ఉంటాడు. టెస్టులు కూడా పాసై ఉంటాయి. ఎటు సవరిస్తామో కామెంట్‌లో రాయాల్సి వచ్చినప్పుడే ఆ ప్రశ్న నీకు తడుతుంది. కామెంట్లు రాసే మనిషికి టీమ్‌లో దక్కే విలువ ఇదే. మిగతావాళ్లు అడగని ప్రశ్న తను అడుగుతుంది. ఈ లెక్కన నువ్వు కోడుకు దూరంగా ఏమీ లేవు. కోడును అందరికంటే నిదానంగా చదవాల్సింది నువ్వే.

రాసింది సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి మీ ఇంట్లోనే మనిషి ఉన్నారు. ఆ పేరాను తెలుగులో మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయనకు పైథాన్ రాదు, లెక్క వచ్చు. "మరి తరుగు సంగతేంటి?" అని ఆయన అడిగితే నీ కామెంట్‌లోనో, మీ కోడులోనో ఏదో లోటుందన్నమాట.

పద్ధతుల గురించి కూడా కొంచెం తెలుసుకో. పైథాన్‌లో దీన్ని డాక్‌స్ట్రింగ్ అంటారు. దీని రివాజులు 2001లో వచ్చిన పెప్ 257 అనే పత్రంలో ఉన్నాయి. చిన్నదే, ఒక్క పూట చాలు. మూడేసి డబుల్ కొటేషన్ల మధ్య రాయాలి, మొదటి వాక్యం ఒక్క లైనులో ముగిసి ఫుల్‌స్టాప్ పడాలి, తర్వాత ఒక లైను ఖాళీ వదిలి వివరం రాయాలి. ఇదంతా ఫైలులో ఇంపోర్ట్‌ల (వేరే మాడ్యూళ్లను తెచ్చుకునే లైన్ల) కంటే పైనే ఉండాలి. కిందికి జారితే పైథాన్ దాన్ని మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్‌గా గుర్తించదు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇంకో చిత్రం ఏమిటంటే, పైథాన్ వాళ్లు ఫంక్షన్ల డాక్‌స్ట్రింగ్‌లో మొదటి వాక్యాన్ని ఆజ్ఞాపిస్తున్నట్టు రాయమంటారు, "లెక్కకట్టు" అని. జావా భాషలో ఇలాంటి కామెంట్ల పద్ధతైన జావాడాక్ వాళ్లేమో "లెక్కకడుతుంది" అన్న ధోరణిలో రాయమంటారు. ఏది ఒప్పని వాదనకు దిగకు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పద్ధతి. జావాలో అయితే ఒక ప్యాకేజీ మొత్తానికి చెప్పాల్సింది ప్యాకేజ్-ఇన్ఫో అనే విడి ఫైలులో రాస్తారు. రస్ట్ అనే ఇంకో భాషలో ఫైలు పైన //! గుర్తుతో మొదలుపెడతారు.

మంచి నమూనా కావాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. నీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ తెరిచి, జేసన్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి, దాని మీద హెల్ప్ కొట్టు. జేసన్ అంటే ఏమిటో, దేనికి వాడతారో మొదటి వాక్యంలోనే ఉంటుంది. డేటాను భద్రపరిచే పికిల్, మార్షల్ మాడ్యూళ్లు వాడినవాళ్లకు ఇది అలవాటైన తీరులోనే ఉంటుందని తర్వాత చెప్తారు. ఆపైన అన్నీ ఉదాహరణలే. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని దగ్గరికి తీసుకెళ్లే పద్ధతి అది.

ఉదాహరణలు రాస్తే వాటిని నడిపి చూడటం తప్పనిసరి. పైథాన్‌తో పాటే వచ్చే డాక్‌టెస్ట్ ఆ పని చేసిపెడుతుంది. కామెంట్‌లోని ఉదాహరణను నిజంగా నడిపి, రాసిన జవాబూ వచ్చిన జవాబూ ఒకటేనా అని చూస్తుంది. రస్ట్‌లో కార్గో టెస్ట్ అనే కమాండ్ కొడితే లైబ్రరీ కామెంట్లలోని ఉదాహరణలు కూడా టెస్టుల్లో భాగంగా నడుస్తాయి. రేపు ఎవరో కోడు మార్చి కామెంట్ మార్చడం మర్చిపోతే, ఇలాంటి ఏర్పాటున్న చోట వెంటనే బయటపడుతుంది. లేని చోట ఆ పాత కామెంట్ ఏళ్ల తరబడి జనాన్ని తప్పుదారి పట్టిస్తూనే ఉంటుంది. అసలు కామెంటే లేకపోతే జనం కోడన్నా చదువుకుంటారు.

చాట్‌జీపీటీ సంగతి అడిగావు. వాడుకో, నేను వద్దనను. వాక్యం సరిచేయడానికి, ఇంగ్లీషు తేలిక చేయడానికి బాగా పనికొస్తుంది. కానీ కోడు మాత్రమే ఇచ్చి కామెంట్ రాయమంటే, కోడు ఏం చేస్తోందో అదే నున్నగా రాసిస్తుంది. రౌండ్ దగ్గర "దగ్గరి రూపాయికి సవరిస్తుంది" అంటుంది. అర్ధ రూపాయిని షాపులో ఎటు సవరిస్తారో దానికి తెలియదు, ఎందుకంటే ఆ సంగతి కోడులో లేదు, మీ నాన్నగారి దగ్గర ఉంది. అది రాసిచ్చిన ప్రతి వాక్యాన్నీ కోడుతో సరిచూడకుండా నీ పేరు మీద పంపకు. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకిలా రాశావు?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే.

బయటి లైబ్రరీల్లో రాయాలన్న కోరిక మంచిదే, కానీ తొందరపడకు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్ట్ ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ సమయంలో, ఆ టీషర్ట్ కోసం జనం వేలం వెర్రిగా పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు తీసుకోండని అడిగే వినతులు) పంపారు. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒక మాట అటూఇటూ మార్చడం, ఎక్కడో "అద్భుతమైన ప్రాజెక్టు" అని అతికించడం, ఇవే మార్పులు. ఆ ప్రాజెక్టులను చూసుకునే మెయింటైనర్లు విసిగిపోయి గోల చేస్తే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం అని నిర్వాహకులు ఆ నెలలోనే నిబంధన మార్చారు. అక్షర దోషాలు దిద్ది సంఖ్య పెంచుకునే పని నువ్వు పెట్టుకోకు. నువ్వు రోజూ వాడే ఒక్క లైబ్రరీని పట్టుకో. వాడుతూ ఎక్కడ తికమక పడ్డావో రాసి పెట్టుకో. ఆ తికమక తీర్చే నాలుగు వాక్యాలు రాయి. పంపే ముందు, మార్పులు ఎలా పంపాలో చెప్పే వాళ్ల కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదివి, ఇది అవసరమా అని ఇష్యూలో (ప్రాజెక్టు చర్చా పేజీలో) అడుగు. ఒక్కటి ఒప్పుకున్నా, దాని మీద మెయింటైనర్‌తో జరిగిన చర్చ లింకుతో సహా నీ దగ్గర ఉంటుంది. పాతిక టైపో దిద్దుబాట్లకంటే ఆ ఒక్కటి నయం.

ఇక ఇద్దరికీ కలిపి ఉద్యోగాల మాట. టెక్నికల్ రైటర్ అని విడిగా ఉద్యోగం ఉంది, అందులో ఏపీఐ (ఒక ప్రోగ్రాంను ఇంకో ప్రోగ్రాం వాడుకునే మార్గం) డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు మంచి గౌరవమే ఉంది. ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్ కోసమని గూగుల్ 2019లో సీజన్ ఆఫ్ డాక్స్ అనే కార్యక్రమమే మొదలుపెట్టింది. కానీ ఆ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటాయి, ఫ్రెషర్లను తీసుకునేవి తక్కువ. గుంటూరులోనో, గన్నవరం వైపు ఐటీ ఆఫీసుల్లోనో మొదటి ఉద్యోగం అదే పేరుతో దొరుకుతుందని ఆశ పెట్టను. డెవలపర్‌గానే చేరు. ఎవరూ ముట్టుకోని డాక్యుమెంటేషన్ పని అక్కడ ఎలాగూ ఉంటుంది, తీసుకుంటానంటే కాదనే మేనేజర్‌ని నేను చూడలేదు.

ఇప్పటికి సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ ఒక గంటన్నర డేటా స్ట్రక్చర్లు, అరగంట ఆప్టిట్యూడ్. కామెంట్ల పని శని, ఆదివారాలకు. పరీక్షల నెలలో అదీ వద్దు. మీ ప్రాజెక్టులో కనీసం ఒక మాడ్యూల్ కోడు మొత్తం నువ్వే రాయాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. కోడు ఆ ఇద్దరిది, కామెంట్లు నీవి అని పంచుకుంటే ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు నువ్వే ఇరుకున పడతావు. సార్, ఈ ఒక్క విషయంలో మీరు కూడా కాస్త గట్టిగా చెప్పండి.

రెజ్యూమెలో "డాక్యుమెంటేషన్ మీద ఆసక్తి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "మిర్చి అమ్మకాల లెక్కల లైబ్రరీ: నాలుగు మాడ్యూళ్లకు డాక్‌స్ట్రింగ్‌లు, ఉదాహరణలన్నీ డాక్‌టెస్ట్‌తో సరిచూసినవి, రాసే క్రమంలో సవరింపు లెక్కలో దొరికిన తేడా సరిదిద్దాం" అని రాసి పక్కన మీ కోడు ఉంచిన గిట్‌హబ్ సైటు లింకు పెట్టు. మాడ్యూళ్లు నాలుగో మూడో, ఉన్నన్నే రాయి. ఆ తేడా నిజంగా దొరికితేనే ఆ మాట రాయి.