చలికాలం బేస్‌బాల్ గోల: డాలస్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకి

మొన్న ఇర్వింగ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. అన్నా, నవంబర్ కూడా అయిపోయింది, ఆటలు లేవు, స్టేడియం ఖాళీ, అయినా మా మేనేజర్ పొద్దున్నే కాఫీ మెషీన్ దగ్గర రేంజర్స్ రేంజర్స్ అని ఇక్కడి బేస్‌బాల్ టీము గురించి ఒకటే గోల, బుల్‌పెన్ అంటాడు, నాన్ టెండర్ అంటాడు, నేను నవ్వి తలూపి సీట్లోకి వచ్చేస్తున్నా, ఇది నేర్చుకోవాలా వదిలేయాలా అని.

నేర్చుకో, అదీ ఇప్పుడే నేర్చుకో అన్నా. సీజన్‌లో ఆట చూస్తూ నేర్చుకోవడం మన వల్ల కాదు, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఐదో ఇన్నింగ్స్‌కే నిద్రపోయా, పక్క సీటాయన లేపి మరీ పాట పాడించాడు. చలికాలంలో అయితే ఆట ఉండదు, అంతా కాగితాల గొడవే, ఎవడి కాంట్రాక్ట్ ఎన్నేళ్ళు, ఎవడిని లిస్టులోంచి తీసేశారు, ఎవడి మెడికల్ టెస్ట్ తేడా కొట్టింది ఇవే. వీసా మీద వచ్చినవాడికి ఇంతకంటే బాగా అర్థమయ్యే సబ్జెక్ట్ ఇంకోటి ఉండదు.

నేను వచ్చింది 2011లో. అక్టోబర్ 28 శుక్రవారం ఆఫీసుకి వెళ్తే ఫ్లోర్ మొత్తం శ్మశానంలా ఉంది, ఎవరూ మాట్లాడరు, నాకు కాళ్ళు వణికాయి, లేఆఫ్‌లు మొదలైనట్టున్నాయి అనుకుని మెల్లగా పక్కాయన్ని అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి నిట్టూర్చాడు. విషయం ఏంటంటే ముందురోజు రాత్రి వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, ఆరో మ్యాచ్‌లో రేంజర్స్ ఒక్క స్ట్రైక్, అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన ఒక్క మంచి బంతి, పడితే కప్పు గెలిచేది, ఒకసారి కాదు రెండుసార్లు ఆ ఒక్క స్ట్రైక్ దగ్గరికి వచ్చి సెయింట్ లూయిస్ టీముకి వదిలేసింది, ఆ తర్వాత ఏడో మ్యాచ్ కూడా పోయింది. ఈ ఊరివాళ్ళు ఆ రాత్రి గురించి ఇప్పటికీ మాట్లాడరు, మీరూ ఎత్తకండి.

సరే అసలు విషయానికొద్దాం. ముందు 40 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి. ప్రతి టీముకీ 40 మంది లిస్టు ఒకటి ఉంటుంది, మ్యాచ్‌కి రెడీగా ఉండేది అందులోంచి 26 మందే, మిగతావాళ్ళు కింది లీగుల్లోనో దెబ్బతగిలిన లిస్టులోనో ఉంటారు. చలికాలంలో కొత్తవాడిని తీసుకోవాలంటే 40లో ఖాళీ ఉండాలి, లేకపోతే ఒకడి పేరు కొట్టేయాలి. పేరు కొట్టేస్తే ఏడు రోజుల్లో వాడి సంగతి తేల్చాలి, ఇంకో టీముకి ఇచ్చేయడమో, ఎవరికైనా కావాలా అని అందరి ముందూ పెట్టడమో, ఎవరూ తీసుకోకపోతే కింది లీగుకి పంపడమో. అంటే మన భాషలో బెంచ్ మీద పెట్టడం అన్నమాట.

రెండోది ఆరేళ్ళ లెక్క. హెచ్‌1బికి ఆరేళ్ళు ఉన్నట్టే వీళ్ళకీ పెద్ద లీగ్‌లో ఆరేళ్ళు పూర్తయ్యేదాకా టీము చేతిలోనే ఉండాలి, ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళడం కుదరదు. మొదటి మూడేళ్ళూ దాదాపు టీము ఇచ్చిందే జీతం, తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్ అని ఒక పంచాయితీ ఉంటుంది, జీతం ఏడాదికేడాది పెరుగుతుంది, ఆరు దాటితే ఫ్రీ ఏజెంట్, గ్రీన్‌కార్డ్ వచ్చినంత సంబరం. పాపం అనుకోకండి, 2025లో కనీస జీతమే 7,60,000 డాలర్లు. నాన్ టెండర్ అంటే ఆ పంచాయితీ దశలో ఉన్నవాడికి వచ్చే ఏడాది మేము కాంట్రాక్ట్ ఇవ్వట్లేదు అని నవంబర్‌లో చెప్పేయడం, మీ మేనేజర్ గోల అదే.

అడోలిస్ గార్సియా అనే బ్యాటర్ సంగతి చెప్తే మొత్తం అర్థమవుతుంది. సెయింట్ లూయిస్ వాళ్ళు 2019 డిసెంబర్‌లో లిస్టులోంచి తీసేస్తే రేంజర్స్ కాస్త డబ్బు పడేసి తెచ్చుకుంది, 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా పేరు కొట్టేసింది, మిగతా 29 టీముల్లో ఒక్కరూ కావాలనలేదు, సరే అని కింది లీగ్ కాంట్రాక్ట్‌తో ఉండిపోయాడు. అదే ఏడాది జూలైకి ఆల్‌స్టార్, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ళ జట్టులో చోటు. 2023లో హ్యూస్టన్ మీద సిరీస్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్, హ్యూస్టన్‌లో, దాని పక్కన కేటీలో మీ చుట్టాలు ఉంటే ఆయన పేరు ఒకసారి అనండి, ఫోన్ పెట్టేస్తారు. తర్వాత రెండేళ్ళు బ్యాటింగ్ పడిపోయింది, జీతం మాత్రం పంచాయితీలో పెరగాల్సిందే, దాంతో 2025 నవంబర్‌లో రేంజర్స్ ఆయన్ని నాన్ టెండర్ చేసేసింది, 2023లో ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు గెలిచిన క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, జోనా హైమ్‌ని కూడా అదే రోజు. మనకి నచ్చినా నచ్చకపోయినా వాళ్ళ లెక్క నిన్నటి హోమ్‌రన్ మీద ఉండదు, రేపటి జీతం మీద ఉంటుంది. నాకైతే గార్సియా విషయంలో ఇంకా కడుపులో మంటే.

ఇప్పుడు పిచింగ్, అంటే బంతి వేయడం. మన బౌలింగ్‌తో పోల్చుకుని మోసపోకండి, క్రికెట్‌లో నలుగురైదుగురు బౌలర్లతో టెస్ట్ సిరీస్ లాగించేస్తాం, ఇక్కడ ఏడాదికి 162 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, అంటే సుమారు 1,450 ఇన్నింగ్స్ ఎవడో ఒకడు బంతి వేయాలి, ఇక్కడ ఇన్నింగ్స్ అంటే ముగ్గురు అవుటయ్యేదాకా అంతే లెండి. స్టార్టర్ అంటే మొదట దిగి ఐదారు ఇన్నింగ్స్ లాగేవాడు, వాడు మళ్ళీ ఐదో రోజుకో ఆరో రోజుకో గానీ దిగడు, చేతికి రెస్ట్ కావాలి. ఏడాదికి 180 ఇన్నింగ్స్ వేస్తే మహానుభావుడి కింద లెక్క. ఐదుగురు స్టార్టర్లూ తలా 160 వేసినా 800, మిగతా 650 ఎవరు వేస్తారు? స్టార్టర్ తర్వాత దిగే పిచర్ల గుంపు, అదే బుల్‌పెన్, ఇంకా కింది లీగ్ కుర్రాళ్ళు, ఎక్కడినుంచో పట్టుకొచ్చినవాళ్ళు. పైగా ఈ స్పీడులో వేస్తుంటే మోచేతి లిగమెంట్ తెగుతుంది, 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి మొదటిసారి చేసిన ఆపరేషన్‌ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు, ఏడాది నుంచి ఏడాదిన్నర ఇంట్లో కూర్చోవాలి. అందుకే ఇక్కడ ఏ టీమునడిగినా పిచింగ్ చాల్లేదు అంటారు, మన ఇంట్లో పెళ్ళికి వంట చాల్లేదేమో అని ఆడవాళ్ళు కంగారుపడ్డట్టు.

దీనికి రేంజర్స్ 2021 నుంచి 2023 దాకా చేసిన పని చూస్తే చాలు, పుస్తకం చదవక్కర్లేదు. 2021లో 102 మ్యాచ్‌లు ఓడిపోయారు. ఆ చలికాలం కోరీ సీగర్‌కి పదేళ్ళకి 325 మిలియన్, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్ళకి 175 మిలియన్, ఇద్దరు బ్యాటర్లకే అర బిలియన్ కుమ్మరించారు. 2022లో ఏమైంది? 94 ఓటములు. పిచింగ్ లేదు మరి. అప్పుడు వచ్చాడు క్రిస్ యంగ్ పూర్తి పెత్తనానికి, ఈయన డాలస్ కుర్రాడే, ప్రిన్స్‌టన్‌లో చదివాడు, ఆరడుగుల పది అంగుళాలు, ముందు తనే పిచర్. రిటైరయి ఇంట్లో కూర్చున్న బ్రూస్ బోచీని టీము మేనేజర్‌గా, అంటే మన కోచ్ లాంటి పనికి, లాక్కొచ్చాడు, 2010 వరల్డ్ సిరీస్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో తరఫున రేంజర్స్‌ని ఓడించింది ఆ బోచీనే, అదో విచిత్రం.

ఇక పిచర్ల కోసం సంతకి వెళ్ళినట్టు వెళ్ళాడు. జేకబ్ డిగ్రామ్‌కి ఐదేళ్ళకి 185 మిలియన్, బెస్ట్ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు రెండుసార్లు గెలిచినవాడు, కానీ వయసు 34, అంతకుముందు రెండేళ్ళు సగం సగమే ఆడాడు. నేథన్ ఇవాల్డీకి రెండేళ్ళకి 34 మిలియన్, ఆండ్రూ హీనీకి రెండేళ్ళకి 25, మార్టిన్ పెరెజ్‌కి ఒక్క ఏడాదికి 19.65 మిలియన్, జేక్ ఒడొరిజీని ట్రేడ్‌లో, అంటే ఇంకో టీముతో మార్పిడిలో, తెచ్చుకున్నారు, పాత జాన్ గ్రే, డేన్ డనింగ్ ఎలాగూ ఉన్నారు. అప్పుడు మా ఆఫీసులో అందరూ నవ్వారు, ఐదు కుర్చీలకి ఇంతమంది ఎందుకు అని, నేను కూడా నవ్వా, తెలిసినట్టు.

డిగ్రామ్ ఆరు మ్యాచ్‌లు వేశాడు, ఆరూ టీము గెలిచింది, ఆ తర్వాత జూన్‌లో మోచేయి, టామీ జాన్ ఆపరేషన్, సీజన్ ఖతం. ఒడొరిజీ భుజం పోయి ఒక్క బంతి కూడా వేయలేదు. నవ్వినవాళ్ళం నోరు మూసుకున్నాం. డనింగ్ ఆ ఖాళీలో దూరి 12 గెలిపించాడు, జూలైలో మ్యాక్స్ షెర్జర్‌నీ జోర్డన్ మాంట్‌గొమరీనీ ట్రేడ్‌లో పట్టుకొచ్చారు, బుల్‌పెన్ మాత్రం సీజనంతా ఏడిపించింది, కాపాడిన మ్యాచ్‌ల కంటే చెడగొట్టినవే ఎక్కువ. అతుకుల బొంతలా ఎలాగో లాక్కొచ్చి 2023 నవంబర్ 1న వరల్డ్ సిరీస్‌లో అరిజోనా మీద 4-1తో మొదటి కప్పు కొట్టారు. అందులో 185 మిలియన్ ఆయన డగౌట్‌లో కూర్చుని చప్పట్లు కొట్టాడు, 34 మిలియన్ ఇవాల్డీ ఆ పోస్ట్‌సీజన్‌లో, అంటే సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే మ్యాచ్‌ల్లో, ఐదు గెలిచి ఒక్కటీ ఓడలేదు. ఆఖరి అవుట్ తీసింది జాష్ స్బోర్జ్, 2021లో డాడ్జర్స్ 40 లిస్టులోంచి పేరు కొట్టేస్తే వచ్చిన మనిషి.

అందుకని తమ్ముడూ, చలికాలంలో టీవీలో పెద్ద పేరు సంతకం చేశాడని ఊగిపోవద్దు, ఏడో పిచర్ ఎవరు ఎనిమిదో పిచర్ ఎవరు అని చూడు. కాఫీ దగ్గర మీ మేనేజర్‌ని అదే అడుగు, ఏస్, అంటే టీములో నంబర్ వన్ పిచర్, గురించి అందరూ అడుగుతారు, స్టార్టర్లలో ఇద్దరు పోతే ఎవరున్నారండీ అని అడిగితే ఆయన కప్పు పక్కన పెట్టి అరగంట చెప్తాడు, నువ్వు తలూపితే చాలు.

కప్పు గెలిచాక మళ్ళీ తప్పు చేశారు, అది నా అభిప్రాయం. మాంట్‌గొమరీని ఉంచుకోలేదు, అప్పుడు లోకల్ టీవీ ఛానెల్ కంపెనీ దివాలా గొడవలో ఉంది, ఆ డబ్బు వస్తుందో రాదో తెలీదు, దానికి తోడు 2024 మొదలయ్యేసరికి డిగ్రామ్, షెర్జర్, కొత్తగా తీసుకున్న టైలర్ మాలీ ముగ్గురూ ఆపరేషన్ చేయించుకుని పడుకున్నవాళ్ళే. వేసవికి వస్తారులే అని కూర్చున్నారు. 78 గెలుపు, 84 ఓటమి. 2025లో అంతా తిరగబడింది, ఇవాల్డీకి మూడేళ్ళకి 75 మిలియన్ ఇచ్చి మళ్ళీ కట్టేసుకున్నారు, డిగ్రామ్ పూర్తిగా కోలుకుని 30 మ్యాచ్‌లు వేశాడు, పిచింగ్ మొత్తం లీగ్‌లోనే నంబర్ వన్, కానీ బ్యాటింగ్ ముంచేసి సరిగ్గా 81-81 దగ్గర ఆగారు. ఇప్పుడు చూడు లింకు, అందుకే ఆ నవంబర్‌లో గార్సియా పోయింది, హైమ్ పోయింది, సెమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. బోచీ కూడా వెళ్ళిపోయాడు, స్కిప్ షూమేకర్ వచ్చాడు.

ఇంకో మాట, ఆర్లింగ్టన్‌లో స్టేడియం ఉంది కదా అని బస్సో రైలో ఎక్కి దిగిపోదాం అనుకోకండి, కారు ఉన్నవాడిని ఒకడిని చూసుకోండి. 2020లో కట్టిన స్టేడియం, పైన కప్పు మూసి ఏసీ వేస్తారు, జూలైలో కూడా హాయి. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉంటే అంత దూరం అక్కర్లేదు, రేంజర్స్ కింది టీము ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మన పక్కనే ఆడుతుంది, టికెట్ తక్కువ, స్టేడియం లోపలే పిల్లలు ట్యూబులేసుకుని తేలే చిన్న కాలువ కూడా ఉంది. చలికాలంలో చదివిన పేర్లన్నీ అక్కడ మనుషులై కనిపిస్తాయి.

కుమార్ రాకర్ అనే పిచర్ పేరు విన్నారా? తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్, తల్లి వైపు మూలాలు ఇండియావి. 2021లో కొత్త కుర్రాళ్ళని టీములు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మెట్స్ పదో నంబర్‌గా ఎంచుకుని మెడికల్ చూసి సంతకం చేయకుండా వదిలేసింది, ఏడాది ఖాళీ, 2022లో రేంజర్స్ మూడో నంబర్‌గా తీసుకుని 5.2 మిలియన్ ఇచ్చింది, 2023 మేలో ఆయనకీ అదే మోచేయి ఆపరేషన్. కోలుకుంటూ 2024లో ఫ్రిస్కోలో వేశాడు, సెప్టెంబర్‌లో సియాటిల్‌లో పెద్ద లీగ్‌కి ఎక్కాడు. ఫ్రిస్కోలో ఉన్నప్పుడు మావాడు కాలువలోంచి తడి బట్టలతో పరిగెత్తుకొచ్చి, నాన్నా స్క్రీన్ మీద కుమార్ అని రాశారు, మన గుంటూరు కుమార్ మామయ్యా అని అడిగాడు. కాదురా అన్నా గానీ ఆ తర్వాత ఒక్క బంతి కూడా వదలకుండా చూశా.