ఓర్లాండో డిస్నీలో వారం రోజులు: ఏ పూట ఎక్కడ తినాలి?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు పిల్లాపాపలతో వెళ్తున్న పాఠకులు భోజనాల గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: డిసెంబరు 20 నుంచి ఏడు రాత్రులు డిస్నీ హోటల్లోనే దిగుతున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు. తెలిసినవాళ్లను అడిగితే తలా పది రెస్టారెంట్ల పేర్లు చెబుతున్నారు. అందులో మాకు పనికొచ్చేవి ఎలా ఏరుకోవాలి? బుకింగ్ ఎప్పుడు చేయాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: రెస్టారెంట్ల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక కాగితం మీద ఏ రోజు ఏ పార్కో రాసుకోండి. అక్కడ పార్కులు నాలుగు: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సులో వెళ్లాలంటే, బస్సు కోసం నిలబడే సేపుతో కలిపి ముప్పావుగంట వేసుకోవాలి. భోజనం ఎంత బాగున్నా సరే, దానికోసం పార్కు వదిలి వెళ్లి తిరిగొస్తే మూడు గంటలు పోయినట్టే. అందుకని ఆ రోజు మీరు తిరిగే పార్కులోనో, దాన్ని ఆనుకుని ఉన్న హోటల్లోనో ఉన్న వాటినే చూడండి. ఈ ఒక్క లెక్కతో మీ దగ్గరున్న జాబితాలో సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

టేబుల్ దగ్గర కూర్చుని తినే భోజనాలు వారానికి మూడు, మహా అయితే నాలుగు పెట్టుకోండి. ఒక్కోదానికి గంటంపావు నుంచి గంటన్నర పడుతుంది. రోజుకొకటి పెట్టుకున్నవాళ్లు మూడోరోజుకే అలిసిపోయి రద్దు చేసుకోవడం మొదలుపెడతారు. మిగతా పూటలకు కౌంటర్ దగ్గర తీసుకుని తినే క్విక్ సర్వీస్ చాలు.

పార్కుకు వెళ్లే రోజు పొద్దున్నే టిఫిన్‌కు టేబుల్ బుక్ చేయొద్దు. గేటు తెరిచిన మొదటి రెండు గంటల్లోనే రైడ్ల దగ్గర క్యూలు చిన్నవిగా ఉంటాయి. తొమ్మిదిన్నరకు టేబుల్ దగ్గర కూర్చుంటే, లేచేసరికి ఆ రెండు గంటలూ చేజారతాయి. మిక్కీతో ఫొటోలు దిగుతూ టిఫిన్ తినాలని పిల్లలు అడిగితే, పార్కు పెట్టుకోని రోజున కాంటెంపరరీ హోటల్లోని షెఫ్ మిక్కీస్‌కు తీసుకెళ్లండి. హోటళ్లలోని రెస్టారెంట్లకు పార్కు టికెట్ అక్కర్లేదు, అందుకని ఒక రోజు టికెట్ డబ్బు కూడా మిగులుతుంది.

ఇక బుకింగ్. టేబుళ్లు 60 రోజుల ముందు తెరుస్తారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు, దిగే రోజుకు 60 రోజుల ముందే తామున్న రోజులన్నిటికీ, పది రోజుల వరకు, ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. మీ విషయంలో అది అక్టోబరు 21. ఆన్‌లైన్‌లో ఓర్లాండో టైము ఉదయం 6కు తెరుస్తారు కాబట్టి మీ టెక్సస్‌లో 5 గంటలకే లేచి కూర్చోవాలి. బయటి హోటల్లో ఉండేవాళ్లకు ఆ పొద్దున డిసెంబరు 20 దాకానే కనిపిస్తుంది. మీకు 26 దాకా కనిపిస్తుంది. దొరకడం కష్టమైన రెస్టారెంట్లను వారం చివరి రోజులకు పెట్టుకోమనేది ఇందుకే: వాటికి ఆ రోజు పోటీ తక్కువ. వెతికేటప్పుడు కూడా వారం చివర్నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. కార్డు వివరాలు ముందురోజు రాత్రే డిస్నీ యాప్‌లో ఎక్కించి పెట్టుకోండి. టేబుల్ కనపడ్డాక కార్డు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే అది ఇంకొకరికి వెళ్లిపోతుంది.

రాలేకపోతే రెండు గంటల ముందు రద్దు చేయాలి. లేదంటే చాలా రెస్టారెంట్లలో మనిషికి 10 డాలర్లు కోస్తారు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. పాలు, పెరుగు తింటాం. వారమంతా ఫ్రెంచ్ ఫ్రైస్ మీదే గడపాలా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అక్కర్లేదు. మెనూ చదవడం తెలిస్తే చాలు. డిస్నీ మెనూల్లో కొన్ని వంటకాల పక్కన చిన్న ఆకుపచ్చ ఆకు గుర్తు ఉంటుంది. మాంసం, గుడ్లు, పాలు, తేనె ఏవీ లేవని దానర్థం. గుడ్డు వద్దనుకునే మీకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అదే. కాకపోతే ఫ్రైయర్‌లో నూనె వేరుగా ఉందని ఆ గుర్తు చెప్పదు. చికెన్ వేయించిన నూనెలోనే వేయించినవి మీకు పట్టింపైతే అది విడిగా అడగాలి.

ఆకు గుర్తు లేని వాటితోనే చిక్కు. అమెరికాలో వెజిటేరియన్ అంటే చాలామంది లెక్కలో గుడ్డు ఉన్నట్టే. మాంసం ముక్క కనపడకపోయినా లోపల ఉండే చోట్లు ఇవి: టమాటా సూప్‌లో, పులావులాంటి అన్నంలో చికెన్ ఉడికించిన నీళ్లు పోసి ఉండొచ్చు. మెక్సికన్ బీన్స్ ముద్దలో పందికొవ్వు ఉండొచ్చు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలుంటాయి. పిల్లలు చూడగానే కావాలనే మిక్కీ ఆకారపు రైస్ క్రిస్పీ బిళ్లల్లో మార్ష్‌మాలో ఉంటుంది, మార్ష్‌మాలో అంటే జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్. అసలైన పార్మెజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు.

కాబట్టి "వెజిటేరియన్" అని ఊరుకోకుండా విడమరిచి చెప్పండి: "నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ స్టాక్, నో జెలటిన్. మిల్క్ ఈజ్ ఓకే." ఆ చివరి మాట మరిచిపోతే వీగన్ ప్లేటు తెచ్చి పెడతారు, పెరుగూ వెన్నా లేకుండా. కూర్చుని తినే చోట షెఫ్‌ను పిలవమంటే పిలుస్తారు. మొహమాటపడొద్దు, అక్కడ అది రోజూ జరిగేదే.

మన నాలుకకు దగ్గరగా ఉన్నది సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని కిడానీ విలేజ్‌లో ఉంటుంది. ఆఫ్రికా వంటలకు ఇండియన్ మసాలాలు కలిపిన వంట. అక్కడ తప్పకుండా తెప్పించుకోవాల్సింది బ్రెడ్ సర్వీస్. చెక్క పళ్లెంలో వేడివేడి రొట్టెలు ఐదు రకాలొస్తాయి, నాన్‌లు, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా. వాటితో తొమ్మిది చిన్న గిన్నెలు: కీరా రాయతా, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఎర్రమిరప సంబల్, ఇంకా మరికొన్ని. దోసకాయ పచ్చడి రుచి ఉండదు గానీ, నాలుగు రోజులు చప్పిడి తిన్న నోటికి ఆ కారం ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఇద్దరు పెద్దవాళ్లకు ఒక బ్రెడ్ సర్వీస్, పైన ఒక కూర సరిపోతాయి. రొట్టెల పిండిలో గుడ్డు ఉందేమో ఆర్డరిచ్చేముందు అడిగి, ఉన్నదాన్ని మార్చమనండి.

సనా కిటికీల్లోంచి జిరాఫీలు, జీబ్రాలు మేస్తూ కనపడతాయి, వెలుతురుంటేనే. డిసెంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. రాత్రి ఏడింటికి బుక్ చేసుకుని నల్లటి అద్దం చూస్తూ తినొద్దు. పొద్దున యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ చూసుకుని, ఒంటిగంటన్నరకు బయటపడి, రెండుకు టేబుల్ పెట్టుకోండి. బస్సులో కిడానీ స్టాపులోనే దిగండి. అదే లాడ్జ్‌లోని ఇంకో భవనం జాంబో హౌస్‌ దగ్గర దిగితే అక్కడున్నది బోమా అనే బుఫే. దాని ముందు నిలబడి సనా పేరు చెబితే వెనక్కి నడిపిస్తారు.

యానిమల్ కింగ్‌డమ్‌లోనే పండోరా అనే భాగంలో సతూలీ కాంటీన్ ఉంది. అన్నమో నూడుల్సో అడుగున వేయించుకుని పైన కారం పట్టించి వేయించిన టోఫు పెట్టించుకోవచ్చు. క్విక్ సర్వీసుల్లో శాకాహారులకు దీనికి సాటైనది తక్కువ. ఎప్కాట్‌లో చెరువు చుట్టూ ఒక్కో దేశం పేరుతో ఒక్కో పెవిలియన్ (ఆ దేశం తీరులో కట్టిన భవనాలు) ఉంటుంది. ఇటలీ పెవిలియన్‌లోని వియా నాపోలీలో కట్టెల పొయ్యి మీద పిజ్జా కాలుస్తారు. ఎట్నా, వెసూవియో, స్ట్రాంబోలీ అని ఆ మూడు పొయ్యిలకూ అగ్నిపర్వతాల పేర్లే. పెద్ద సైజు మార్గరీటా ఒకటి చెప్పుకుని పంచుకోండి. తలా ఒకటి చెప్పుకుంటే సగం మిగిలిపోతుంది. కెనడా పెవిలియన్‌లోని ల సెల్లియే పేరు చాలామంది చెబుతారు. అది బీఫ్ స్టేక్‌కు పేరుపడ్డ చోటు, మీరు దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: అత్తయ్యగారూ మామయ్యగారూ గుంటూరు నుంచి వస్తున్నారు. ఇద్దరికీ రాత్రి పెరుగన్నం లేకపోతే కుదరదు. మోకాళ్ల నొప్పులు కూడా. పార్కులోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారా?
– ఒక పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరొలైనా

జవాబు: నిస్సంకోచంగా తీసుకెళ్లండి. డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి సొంత తిండి అనుమతిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడిగా పోసిన ఐసు మాత్రం లోపలికి రానివ్వరు. కూలర్ బాక్సు 24 అంగుళాల పొడుగు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. ఐసు బదులు గడ్డకట్టించిన జెల్ ప్యాకులు పెట్టుకోండి.

పెరుగన్నం విషయంలో జాగ్రత్త. వండిన అన్నం బయట రెండు గంటలు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. వేడన్నంలో పెరుగు కలిపి డబ్బాలో మూత బిగించి సంచిలో వేసుకుంటే మధ్యాహ్నానికి పులిసిపోవడమే కాదు, కడుపు పాడవుతుంది. ముందురోజు రాత్రి కలిపి, హోటల్ గదిలో ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, కింద ఒకటి పైన ఒకటి జెల్ ప్యాకులు పెట్టి తీసుకెళ్లండి. పులిహోర పాడవదనే ధీమా కూడా వద్దు, గంటల లెక్క దానికీ అదే. ఎండలో మోయడానికి చపాతీల్లో కారప్పొడి రాసి చుట్టినవి నయం. తాగడానికి సోడాలమ్మే ఏ క్విక్ సర్వీస్ దగ్గరడిగినా కప్పుతో ఐసునీళ్లు ఊరికే ఇస్తారు.

గదిలో రైస్ కుక్కర్ పెట్టొద్దు, హోటళ్లు ఒప్పుకోవు. అన్నం ఓర్లాండో చేరిన రోజునే కొనిపెట్టుకోండి. ఎయిర్‌పోర్టుకూ డిస్నీకీ మధ్య సౌత్ ఆరెంజ్ బ్లాసమ్ ట్రయిల్ వైపు, ఇంటర్నేషనల్ డ్రైవ్ వైపు ఇండియన్ రెస్టారెంట్లు, కిరాణా దుకాణాలు ఉన్నాయి. పెరుగు, మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం ప్యాకెట్లు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా కప్పులు తీసుకుంటే వారం గడుస్తుంది. మైక్రోవేవ్ గదిలో లేకపోతే హోటల్ ఫుడ్ కోర్టులో ఉంటుంది.

పెద్దవాళ్లు ఇండియా నుంచి పొడులు, కూరగాయల పచ్చళ్లు తెచ్చుకోవచ్చు, కానీ కస్టమ్స్ దగ్గర తిండి ఉందని చెప్పాలి. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు తేనివ్వరు. చెప్పకుండా తెస్తే జరిమానా.

మోకాళ్ల విషయం: ఎప్కాట్‌లో దేశాలన్నీ ఉన్న చెరువు చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. అమెరికా, జపాన్ పెవిలియన్లు అవతలి ఒడ్డున ఉంటాయి. అక్కడ టేబుల్ పెట్టుకుంటే పడవలో దాటించండి. లేకపోతే ముందుభాగంలో ల్యాండ్ పెవిలియన్‌లోని సన్‌షైన్ సీజన్స్‌లో కూర్చోబెట్టండి. లోపల చల్లగా ఉంటుంది.

ప్రశ్న: భోజనాలకు ముందే డబ్బు కట్టే డిస్నీ డైనింగ్ ప్లాన్ కొనమని ఏజెంటు అంటున్నారు. కొనాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: శాకాహారులైతే, మద్యం తాగనివాళ్లైతే వద్దు. ప్లాన్ కొంటే ఆ గదిలో మూడేళ్లు నిండినవాళ్లందరికీ తీసుకోవాలి. పెద్దవాళ్ల ధరలో మద్యం గ్లాసు కూడా కలిసుంటుంది. స్టేక్ తిన్నా, టోఫు తిన్నా ఒకే కూపన్ తెగుతుంది. పైగా పెద్ద ప్లాన్‌లో రాత్రికొక టేబుల్ భోజనం ఉంటుంది, అంటే ఏడు రాత్రులుంటే ఏడు. వాడనివి హోటల్ ఖాళీచేసిన రోజు అర్ధరాత్రితో పోతాయి. ఖరీదైన సిగ్నేచర్ రెస్టారెంట్లకు ఒక భోజనానికి రెండు కూపన్లు తీసుకుంటారు. రోజూ మాంసం, బుఫేలు తినే కుటుంబానికైతే లెక్క కుదరొచ్చు.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. తినేది గుప్పెడు. బుఫేలో పిల్లల ధర పడుతుందా? బిల్లుపైన ఇంకెంత వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పడదు. పిల్లల ధర మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకే. పదేళ్ల బాబుకు బుఫే కన్నా మెనూ చూసి ఆర్డరిచ్చే చోటు మేలు. మెనూలో 60 డాలర్లుంటే ఆరెంజ్ కౌంటీ పన్ను 6.5 శాతం, అంటే 3.90. టిప్పు 20 శాతం, అంటే 12. మొత్తం 75.90. ఆరుగురు అంతకుమించి ఉంటే 18 శాతం టిప్పు వాళ్లే బిల్లులో కలుపుతారు. చూసుకోకుండా మళ్లీ ఇవ్వకండి.

ప్రశ్న: క్విక్ సర్వీస్ తిండిని యాప్‌లోనే ముందుగా చెప్పుకునే మొబైల్ ఆర్డర్ సులువన్నారు. 12.30కి చూస్తే 1.45కి గానీ ఖాళీ లేదు. టేబుల్ బుకింగూ దొరకలేదు. మేం ఎనిమిదిమందిమి.
– ఒక పాఠకుడు, డెట్రాయిట్

జవాబు: యాప్‌లో మీరు ఎంచుకునేది వంటకాలనే కాదు, వెళ్లే సమయాన్ని కూడా. మధ్యాహ్నం 11.30 నుంచి ఒంటిగంట వరకు ఖాళీలు ముందే నిండిపోతాయి. తొమ్మిదిన్నరకు రైడ్ క్యూలో నిలబడ్డప్పుడే 11.15కు ఆర్డర్ పెట్టేయండి. రెస్టారెంటుకు చేరాక "వచ్చాను" అనే బటన్ నొక్కితేనే వంట మొదలవుతుంది. దూరంనుంచే నొక్కితే తిండి చల్లారిపోతుంది, నొక్కడం మరిచిపోతే అలా కూర్చునే ఉంటారు. నొక్కాక ఆర్డర్ మార్చలేరు.

టేబుళ్లకోసం ముందురోజు సాయంత్రం, ఆ రోజు భోజనానికి మూడు గంటల ముందు మళ్లీ వెతకండి. రద్దు గడువు రెండు గంటలు కాబట్టి చాలామంది అప్పుడే వదులుకుంటారు. పార్కులో ఉంటే బుకింగ్ లేనివాళ్లు అప్పటికప్పుడు పేరిచ్చుకునే వాకప్ లిస్టు కూడా యాప్‌లో చూడండి. ఎనిమిదిమందికి ఒకే టేబుల్ అరుదు. నలుగురు నలుగురుగా ఒకే టైముకు రెండు బుకింగులు చేసి, లోపలికి వెళ్లేటప్పుడు పక్కపక్కన వేయమని అడగండి.